మందుల సంచి దింపదలచిన వారికి
ప్రశ్న: పదేండ్లుగా ఖమ్మము నుండి భద్రాచలము వఱకు పురుగుమందులు అమ్ముచున్నాను. వృత్తి మార్చినచో మరల అడుగుమెట్టు నుండి ఆరంభింపవలెనా?

జవాబు: అక్కఱలేదు. ఏ పల్లెలో ఎవరి మాట చెల్లునో, ఏ రైతు బాకీ సకాలమున తీర్చునో, మిరప ఎప్పుడు కల్లమునకు చేరునో తిరిగి తిరిగి నేర్చిన జ్ఞానమే మీ మూలధనము. దానిని అమ్మకము నుండి కొనుగోలు వైపునకు మరల్పుడు. రైతు ఉత్పత్తిదారుల సంఘములలో అట్టి కొలువు దొరకవచ్చును: 2020లో కేంద్రము ఆరంభించిన పథకమున ఒక్కొక్క సంఘమునకు మూడేండ్లకు నిర్ణయించిన 18 లక్షల రూపాయల వఱకు సాయములో కార్యనిర్వహణాధికారి జీతమును చేరియున్నది. సారపాక కాగితపు మిల్లునకు జామాయిలు, సుబాబులు కఱ్ఱ సేకరించుటయు రైతుల పరిచయము కోరు పనియే. (లక్ష్యముల బెడద అచ్చటను తప్పదు సుమా!) దరఖాస్తులో అమ్మకపు అంకెలకన్న ముందు తిరిగిన గ్రామములను, వసూలైన బాకీలను వ్రాయుడు. నియామక పత్రము చేతికందువఱకు ఉన్న కొలువు విడువకుడు.