సర్టిఫికెట్ ఉన్నా ప్రశ్నలెందుకు?

ప్రశ్న: గాజువాకలో మాది ఫ్యాబ్రికేషన్ యూనిట్. వియత్నాం నుంచి విశాఖ పోర్టుకు స్టీల్ షీట్లు తెప్పించాం. ఆసియాన్ ఒప్పందం కింద ఫారం ఏఐ (సరుకు ఏ దేశానిదో తెలిపే సర్టిఫికెట్) పెట్టినా కస్టమ్స్ వాళ్లు ఇంకా వివరాలు అడుగుతున్నారు. సబబేనా?

జవాబు: సబబేనండీ. 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉన్న కరోటార్ (ఒప్పందాల కింద వచ్చే సరుకు మూలదేశాన్ని తేల్చే కస్టమ్స్) నిబంధనల ప్రకారం ఆ కాగితం ఒక్కటే చాలదు. సరుకు అక్కడిదేనని చూపే పూచీ మీదే. సాధారణంగా ఎఫ్‌ఓబీ (ఓడకెక్కించే వరకు లెక్కగట్టిన) విలువలో కనీసం 35 శాతం ఒప్పంద దేశాలదై ఉండాలి, ఆరంకెల టారిఫ్ కోడ్ కూడా మారాలి. చైనా కాయిల్‌ను అక్కడ ఊరికే కోసి పంపితే ఆ 35 శాతం దగ్గరే చిక్కు. ఆ లెక్క అడిగితే ‘ఖర్చులు మా వ్యాపార రహస్యం’ అనే సప్లయర్‌తో బేరం ఆర్డరుకు ముందే తేల్చుకోవాల్సింది. ఇప్పుడు పది పనిదినాల్లో ఫారం-1 వివరాలు ఇవ్వండి. ఆ పత్రాలను అయిదేళ్లు దాచండి. విచారణ సాగితే, తేడా సుంకానికి హామీ కట్టి సరుకు విడిపించమని కోరవచ్చు.