తాతల నేల – మనుమల పట్టా

నల్లమల అడవి చెంచులకు తాతముత్తాతలనాటి నెలవు. 1882 మద్రాసు అడవి చట్టము పిమ్మట అచ్చటి అడవులు రిజర్వు కాగా, వారు నివసించు నేలపై వారికి హక్కుపత్రము లేకపోయెను. కొన్ని కుటుంబములు మిరపకోతలకై మన గుంటూరు మైదానమునకు కూలికి వచ్చుచుండుట రైతు సోదరులు చూచుచున్నదే.

2006 అటవీ హక్కుల చట్టము ఈ కొరత తీర్చుటకై పుట్టినది. 2005 డిసెంబరు 13వ తేదీకి ముందునుండి అనుభవములోనున్న అడవిభూమికి, 4 హెక్టార్లకు మించకుండ, గిరిజన కుటుంబము గ్రామసభయందు హక్కు కోరవచ్చును.

ఇందుకు పాత దస్తావేజే యుండవలెనను నిర్బంధము లేదు. వేసిన గట్లు, చదునుచేసిన చేను, కట్టిన గుడిసె సాక్ష్యములే. హక్కు కోరువారు గాక యితర పెద్దలు చెప్పిన మాటను వ్రాసికొన్నచో అదియు సాక్ష్యమే. ఇట్టివి ఒకటికి మించి చూపవలెను. కావున వృద్ధులు జీవించియుండగనే వారి మాటను వ్రాయించుట ముఖ్యము.

దంపతులైనచో హక్కుపత్రము ఇరువురి పేరనుండును. భూమి బిడ్డలకు సంక్రమించును గాని అమ్ముటకు, అన్యులకు వ్రాసియిచ్చుటకు వీలులేదు. అందుచేత అట్టి భూమిని కొనుటకుగాని తాకట్టు పట్టుటకుగాని ఎవరును పూనరాదు. చెంచు సభ్యుడు సంఘమున అప్పు కోరినచో నేలను గాక పైరును జూచి యొసగుట న్యాయము. ఆ నేల తరతరములకు వారి చేత నిలుచుటకు ఇదియే త్రోవ.