'లిమిటెడ్' అంటే ఎవరికి హద్దు?

కుందలహళ్ళి గేటు నుంచి బ్రూక్‌ఫీల్డ్ మీదుగా ఐటీపీఎల్ వైపు వెళ్ళే రోడ్డు మీద బోర్డులు చదువుతూ పోతే, పేర్ల చివర 'ప్రైవేట్ లిమిటెడ్', 'ఎల్‌ఎల్‌పీ' అనే తోకలు వరసగా కనిపిస్తాయి. లిమిటెడ్ అంటే పెద్ద కంపెనీ అని కొందరు అనుకుంటారు, ఇంతకు మించి అప్పు చేయకూడదని అర్థమేమో అని ఇంకొందరు. రెండూ కావు. కంపెనీ ఎంతైనా అప్పు పడవచ్చు, ఆస్తి ఉన్నంతవరకు తీర్చాల్సిందే. హద్దు ఉన్నది దాని యజమానికి. పెడతానన్న పెట్టుబడి పోతే పోతుంది, అంతకు మించి ఇంటిదాకా రారు. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని 'పరిమిత బాధ్యత' అంటారు. మన పల్లెల మాటలో చెప్పాలంటే, హద్దు వేసిన పూచీ.

బీకాం చదువుతూ తెలుగు రెండో భాషగా తీసుకున్నదాన్ని కాబట్టి ఈ సంగతి తెలుగులో రాయాలనిపించింది. ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మ, పిన్ని కలిసి ఇక్కడి అపార్టుమెంట్లకు అరిసెలు, చెక్కలు, పచ్చళ్ళు చేసి అమ్ముతారు. ఇప్పుడు షాపు అద్దెకు తీసుకుందామనే దాకా వచ్చారు. మదనపల్లెలో అమ్మమ్మ అమ్మకు రాసిచ్చిన ఇల్లు ఒకటుంది. షాపు దెబ్బతింటే ఆ ఇల్లు ఏమవుతుందన్నదే మా ఇంట్లో ప్రశ్న.

ఒక్కరే చేసే సొంత వ్యాపారంలో చట్టం మనిషినీ వ్యాపారాన్నీ విడదీసి చూడదు. షాపు అప్పు అంటే ఆమె అప్పే. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. జీఎస్టీ నంబరు, ఉద్యమ్ సర్టిఫికెట్టు, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషను చేతికొస్తే 'కంపెనీ పెట్టేశాం' అంటారు. అవి పన్నుకు, చిన్న పరిశ్రమల పథకాలకు, ఆహారపు నియమాలకు సంబంధించిన కాగితాలు. వాటిలో ఏ ఒక్కటీ ఇంటికీ షాపుకూ మధ్య గోడ కట్టదు.

ఇద్దరు కలిస్తే పరిస్థితి ఇంకా చిక్కు. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం పొత్తు పుట్టడానికి కాగితం అక్కర్లేదు. కలిసి వ్యాపారం చేసి లాభం పంచుకుందామని నోటిమాటగా ఒప్పుకున్నా పొత్తే. అంటే అమ్మా, పిన్నీ తమకు తెలియకుండానే ఎప్పుడో భాగస్తులైపోయారు. ఈ పొత్తులో పూచీకి హద్దు లేదు, పైగా ప్రతి భాగస్తురాలూ మొత్తం అప్పుకు బాధ్యురాలు. నూనె, బెల్లం ఇచ్చిన హోల్‌సేల్ వ్యాపారికి 8 లక్షలు బాకీ పడ్డారనుకుందాం. పిన్ని పేరుతో ఏ ఆస్తీ లేదు. ఆ వ్యాపారి మొత్తం 8 లక్షలూ అమ్మ దగ్గరే రాబట్టుకోవచ్చు. ఆ తర్వాత పిన్ని వాటా పిన్నిని అడుక్కోవడం అమ్మ పని. 'సగం సగం' అనేది వాళ్ళిద్దరి మధ్య లెక్క మాత్రమే. పొత్తు రిజిస్టరు కాకపోతే ఇంకో నష్టం: ఎవరైనా డబ్బు ఎగ్గొట్టినా, ఒప్పందం మీద ఆ పొత్తు పేరుతో కోర్టుకెళ్ళి రాబట్టుకోవడం కుదరదు.

వ్యాపారాన్ని మనిషి నుంచి విడదీసిన కేసుగా కామర్సు విద్యార్థులు మొదట చదివేది సాలమన్ కేసు. ఏరన్ సాలమన్ లండన్‌లో తోలు బూట్లు చేయించేవాడు. 1892లో తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. వాటాలు భార్యకు ఒకటి, ఐదుగురు పిల్లలకు తలా ఒకటి, మిగతా 20,001 ఆయనవే. కంపెనీ మునిగింది. 'ఇదంతా ఆయన సొంత వ్యాపారమే, అప్పులు ఆయనే కట్టాలి' అని వాదన వచ్చింది. కింది కోర్టులు సరేనన్నాయి. ప్రభువుల సభ మాత్రం ఒప్పుకోలేదు. చట్టప్రకారం పుట్టాక కంపెనీ వేరే మనిషి, సాలమన్ వేరే మనిషి అంది. తీర్పు 1896 నవంబరులో వచ్చింది, 1897 సంపుటిలో అచ్చయింది కనుక ఆ ఏడాది పేరుతోనే పిలుస్తారు. హామీ లేకుండా సరుకిచ్చిన వాళ్ళకు ఏమీ దక్కలేదు. చదివినప్పుడల్లా నాకు వాళ్ళ మీదే జాలేస్తుంది. ఒకరి ఇంటికి కట్టిన గోడ ఇంకొకరికి అడ్డుగోడే కదా.

ఈ పద్ధతి మన తెలుగువాళ్ళకు కొత్తదేమీ కాదు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో మొదలుపెట్టారు. వాటా కొన్న మనిషి ఆ వాటా సొమ్ము వరకే నష్టపోతాడనే ధీమా లేకపోతే, వ్యవసాయం చేసుకునేవాళ్ళు, వకీళ్ళు తెలియని వ్యాపారంలో డబ్బు పెట్టడం కష్టం.

ఇప్పుడు మనదేశంలో చిన్న వ్యాపారికి మూడు దారులున్నాయి. ఒంటరిగా చేసేవాళ్ళకు 2013 కంపెనీల చట్టం తెచ్చిన ఏకవ్యక్తి కంపెనీ, అంటే ఓపీసీ. ఆ ఒక్కరికి ఏమైనా జరిగితే వాటాలు ఎవరికి పోవాలో ముందే నామినీ పేరు ఇవ్వాలి. ఇద్దరు అంతకన్నా ఎక్కువమందైతే ప్రైవేట్ లిమిటెడ్. బయటివాళ్ళ పెట్టుబడి తెచ్చుకుని పెరగాలంటే అదే నయం. లక్ష రూపాయల కనీస మూలధనం ఉండాలన్న నియమం 2015లోనే పోయింది. మూడోది 2008 చట్టం ఇచ్చిన ఎల్‌ఎల్‌పీ. లోపల పొత్తులా నడుస్తుంది, బయటికి కంపెనీలా హద్దు ఉంటుంది. అక్కాచెల్లెళ్ళ పనికి నా లెక్కలో ఇదే సరిపోతుంది. అమ్మకాలు ఏడాదికి 40 లక్షలు దాటనంతవరకు, లేదా పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు ఆ చట్టం కింద ఆడిట్ తప్పనిసరి కాదు. కంపెనీకైతే అమ్మకాలు లేకపోయినా ఆడిట్ తప్పదు.

రిజిస్టరు చేయడం అనుకున్నంత కష్టం కాదు. అంతా కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లోనే. డిజిటల్ సంతకం, పేరు ఆమోదం, ఇద్దరు నియమిత భాగస్తుల వివరాలు, ఆఫీసు చిరునామా రుజువు కావాలి. ఉండే ఇల్లే ఆఫీసుగా చూపించవచ్చు. అద్దె ఇల్లయితే ఓనరు అభ్యంతరం లేదని రాసివ్వాలి, కొత్త కరెంటు బిల్లు జతచేయాలి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది దాని తర్వాత వచ్చే ఒప్పంద పత్రం మీద. సర్టిఫికెట్టు వచ్చిన 30 రోజుల్లో దాన్ని దాఖలు చేయాలి. చాలామంది నెట్‌లో దొరికిన నమూనా మీద పేర్లు మార్చి సంతకం పెట్టేస్తారు. ఒప్పందంలో ఏమీ రాసుకోకపోతే చట్టం వెనక ఉన్న మొదటి షెడ్యూలు వర్తిస్తుంది. దాని ప్రకారం లాభనష్టాలు సమానం, పని చేసినందుకు ఏ భాగస్తురాలికీ జీతం లేదు. మా ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికి పాకం పట్టేది అమ్మ. ఆర్డర్లు, డబ్బుల వసూళ్ళు చూసేది పిన్ని. పొయ్యి ముందు నిలబడ్డ గంటలకు విలువ కట్టి ఒప్పందంలో రాయకపోతే చట్టం లెక్కలో ఆ గంటలు లేనట్టే. ఆడవాళ్ళ వంటపనికి ఇంట్లో ఎలాగూ లెక్క లేదు, ఇక్కడైనా రాయించుకోవాలి. పన్ను విషయంలోనూ ఇది పనికొస్తుంది. ఎల్‌ఎల్‌పీ లాభం మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను. ఒప్పందంలో రాసిన జీతం అయితే, చట్టం పెట్టిన పరిమితి వరకు, పన్ను వేయకముందే లాభంలోంచి తీసేయవచ్చు.

ఇక గోడకు ఉన్న కంతల సంగతి. ఎల్‌ఎల్‌పీలో పిన్ని చేసిన తప్పుకు అమ్మ సొంత ఆస్తి బాధ్యత కాదు, కానీ పిన్ని తన తప్పుకు తాను జవాబు చెప్పాలి. మోసం చేయాలని చేస్తే హద్దే ఉండదు. పాత అప్పుల మాట మరీ ముఖ్యం. పొత్తును ఎల్‌ఎల్‌పీగా మార్చినా, మార్చడానికి ముందు చేసిన అప్పులకు ఇద్దరూ సొంతంగా బాధ్యులే. అన్నిటికన్నా పెద్ద కంత మనమే పెట్టే సంతకం. బ్యాంకు ఎల్‌ఎల్‌పీకి అప్పిస్తూ, 'మేడమ్, మీరు వ్యక్తిగతంగా కూడా హామీ సంతకం పెట్టండి' అంటుంది. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం, వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అప్పుదారు బాధ్యతతో సమానం. ఆ ఒక్క సంతకంతో ఆ అప్పుకు గోడ లేనట్టే. అందుకే అప్పు అడిగే ముందు, సూక్ష్మ, చిన్న సంస్థలకు తాకట్టు లేకుండా అప్పిచ్చేందుకు 2000లో పెట్టిన పరపతి హామీ నిధి కింద ఇస్తారా అని బ్యాంకులో అడగాలి. అప్పుడు కూడా కాగితాల్లో 'వ్యక్తిగత హామీ' అనే మాట ఎక్కడైనా ఉందేమో వెతుక్కోవాలి.

ప్రతి చిన్న వ్యాపారానికీ ఇది కావాలని నేననను. రోజువారీ నగదుకు అమ్ముతూ, ఎవరికీ బాకీ పడకుండా టిఫిన్లు చేసే ఆవిడకు సొంత వ్యాపారమే హాయి. ఎల్‌ఎల్‌పీ పెట్టాక ఒక్క అరిసె అమ్మకపోయినా ఏటా మే 30 లోపు వార్షిక రిటర్ను, అక్టోబరు 30 లోపు లెక్కల పత్రం దాఖలు చేయాల్సిందే. ఆలస్యమైతే అదనపు రుసుము పడుతుంది. మూసేయాలన్నా మళ్ళీ దరఖాస్తు. హోదా కోసం పెట్టుకుంటే బరువే మిగులుతుంది. అరువు సరుకు, పది నెలల అడ్వాన్సు, షాపులో పనివాళ్ళు, ఇవి మొదలయ్యే ముందు పెట్టుకుంటేనే దానివల్ల లాభం.

పెట్టుకున్నాక బిల్లు పుస్తకం కూడా మారాలి. ప్రతి బిల్లు మీదా సంస్థ పేరు, చిరునామా, రిజిస్ట్రేషను నంబరు, పరిమిత బాధ్యతతో నమోదైందన్న మాట అచ్చువేయాలని చట్టం అడుగుతుంది. సరుకిచ్చేవాడు తాను ఎవరిని నమ్ముతున్నాడో తెలుసుకోవాలి కదా. బూట్ల సాలమన్‌కు అరువిచ్చిన వాళ్ళు గుర్తొచ్చి, ఆ నియమం న్యాయమే అనిపించింది నాకు.

ఇప్పటికి మా వాళ్ళ పని పేరు ఆమోదం దగ్గర ఉంది. షాపు ఓనరు అద్దె ఒప్పందం ఈ వారమే అమ్మ పేరుతో రాసేద్దాం అంటున్నాడు. అలా రాస్తే అద్దె బాకీ, అడ్వాన్సు గొడవ అన్నీ అమ్మవే అవుతాయి, రేపు వచ్చే ఎల్‌ఎల్‌పీకి వాటితో సంబంధం ఉండదు. సర్టిఫికెట్టు వచ్చాక దాని పేరుతోనే రాద్దాం, అప్పటిదాకా ఆగండి అని పిన్ని ఆయనతో మాట్లాడుతోంది.