పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా

మా పిన్ని కూతురు ఎనిమిదో తరగతితో బడి మానేసింది. హైస్కూలు పక్క ఊళ్లో ఉంది. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. "ఆడపిల్ల, ఇంగ చాల్లే" అన్నాడు చిన్నాయన. టీచరమ్మ ఇంటికొచ్చి అడిగారు గానీ, గట్టిగా పట్టుబట్టడానికి ఆమె చేతిలో చట్టం లేదు. ఎందుకు లేదు అని నేను వెతికితే తెలిసిన సంగతులు ఇవి.

నిర్బంధ ప్రాథమిక విద్య కోసం గోఖలే 1911లో బిల్లు పెట్టారు. మరుసటి ఏడు అది ఓడిపోయింది. స్వతంత్రం వచ్చాక మన రాజ్యాంగం 45వ అధికరణంలో, పదేళ్లలోగా 14 ఏళ్ల వరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని రాసుకుంది. పదేళ్లు కాదు, నలభై ఏళ్లు దాటాయి. 1993లో ఉన్నికృష్ణన్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మధ్య నడిచిన కేసులో, 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో 86వ సవరణతో 21ఎ అధికరణం వచ్చింది. విద్యాహక్కు చట్టం 2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. అది 6 నుంచి 14 ఏళ్ల వారికి, అంటే ఎనిమిదో తరగతి వరకే.

ఇంకో చట్టం చూడండి. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు, మిగతా పనుల్లో పెట్టుకోవచ్చు. ఆడపిల్ల పెళ్లి వయసేమో 18. అంటే బడి 14కి వదిలేస్తుంది, పెళ్లి 18 దాకా కుదరదు. మధ్యలో ఈ నాలుగేళ్లు ఎవరివి? మన తమిళనాడులో ఆ వయసు పిల్లల్నే, మూడేళ్లు పనిచేస్తే పెళ్లికి మొత్తంగా డబ్బిస్తామని నూలు మిల్లులకు తీసుకుపోయేవారు. దానికి పెట్టిన పేరు 'సుమంగళి'.

ఇంగ్లండులో బడి వయసును 1947లో 15కు, 1972లో 16కు పెంచారు. 2015 నుంచి 18 దాకా ఏదో ఒక చదువో శిక్షణో ఉండాలన్నారు. అది బడే కానక్కర్లేదు, అప్రెంటిస్‌షిప్ అయినా సరే. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా 18 ఏళ్ల దాకా అందరికీ చదువు అందాలంటుంది. కానీ విధానం వేరు, చట్టం వేరు.

వయసు పెంచితే చాలా? చాలదనే నేననుకుంటాను. బస్సు లేకుండా, బడిలో మరుగుదొడ్డి లేకుండా నిర్బంధం అంటే అమ్మానాన్నల మీద భయం పెట్టడమే అవుతుంది. అయినా చట్టం ఉంటే బస్సు అడిగే హక్కన్నా వస్తుంది. చిన్నాయనకు చెప్పడానికి టీచరమ్మకు ఒక మాట దొరుకుతుంది.

చట్టం మారేదాకా మా చెల్లెలు ఆగలేదు. 14 నిండినవాళ్లు జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతి రాయొచ్చని తెలిసి, మొన్న సెలవులకు వెళ్లినప్పుడు దరఖాస్తు వివరాలు రాసి పట్టుకెళ్లాను. చిన్నాయన ఏమీ అనలేదు. చెల్లెలు మాత్రం "లెక్కలు నువ్వే చెప్పాలక్కా" అంది. మీ ఊళ్లోనూ ఇలాంటి చెల్లెలు ఉంటే ఈ మాట చెప్పండి.