పెరటి పాత కళ్ళమును తిరిగి వేయుట

పంట కోసి ఇంటికి చేర్చుటతో రైతు పని ముగియదు. అది చక్కగా ఆరవలెను. పెరటి కళ్ళము గచ్చు పగిలి గుంటలు పడిన, వాన నీరు నిలుచును. పగుళ్ళలో నిరుటి గింజలు చిక్కి బూజు పట్టును. అట్టి చోట ఆరబోసిన మిరపకాయలకు, వేరుసెనగ కాయలకు బూజు సోకి అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టవచ్చును. వండినను, వేయించినను ఇది పూర్తిగా పోదు. ధాన్యము సంగతియు అంతే. ప్రభుత్వ కొనుగోలు కేంద్రములలో తేమ 17 శాతమునకు మించరాదు.

మొదట పరీక్షింపుడు

కళ్ళమును ఊడ్చి, కఱ్ఱతో తట్టి చూడుడు. డొల్ల మోత వచ్చిన చోట అడుగు మట్టి క్రుంగినదని గుర్తు. తరువాత నాలుగు బిందెల నీరు పోసి, ఎటు పారునో గమనింపుడు.

పగుళ్ళు సన్ననివై, డొల్ల లేకున్న మరమ్మతు చాలును. పగులును ఉలితో వెడల్పు చేసి, దుమ్ము కడిగి, సిమెంటు పాలు పూసి, ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ళు ఇసుక కలిపి పూడ్చుడు. సగమునకు మించి డొల్లయైనను, నీరు ఇంటి గోడ వైపు పారుచున్నను, పైపూత దండుగ. త్రవ్వి తిరిగి వేయుటయే మేలు.

అడుగు గట్టిపరచుట

నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారును. దానిపై నేరుగా వేసిన గచ్చు నిలువదు. అట్టి చోట అడుగున్నర లోతు మట్టి తీసివేసి, మొరమును 6 అంగుళముల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టవలెను. పాత గచ్చు పెంకులను పారవేయక, చిన్నవిగా కొట్టి అడుగు పొరలో వాడుకొనుడు. దానిపై 1:4:8 పాళ్ళ కాంక్రీటు 4 అంగుళములు పరువవలెను.

పై గచ్చు

20 అడుగుల చదరపు కళ్ళమునకు 3 అంగుళముల మందమున 100 ఘనపుటడుగుల కాంక్రీటు పట్టును. 1:2:4 పాళ్ళలో సుమారు 18 బస్తాల సిమెంటు, 45 ఘనపుటడుగుల ఇసుక, 90 ఘనపుటడుగుల 20 మి.మీ. కంకర కావలెను.

అంతయు ఒకే పలకగా పోయరాదు. పది అడుగుల గళ్ళు నాలుగు చేసి, మూలకు మూల ఎదురైన రెండింటిని ముందు, మిగిలినవి మరునాడు పోయుడు. గచ్చు ఆరిన తరువాత సందులను తారుతో నింపుడు. పది అడుగులకు 2 అంగుళముల చొప్పున వాలు ఇంటి గోడకు దూరముగా ఉండవలెను. మరునాటి నుండి ఇసుక గట్లు కట్టి, కనీసము 10 దినములు నీరు నిలుపుడు. ఇందు అశ్రద్ధ చేసిన, మంచి సిమెంటు వేసినను గచ్చు పెచ్చులూడును.

సిమెంటు ఖర్చు భరింపలేనివారు గట్టిపరచిన మొరముపై ఇసుక పరచి బేతంచెర్ల, తాండూరు నాపరాళ్ళు పేర్చుకొనవచ్చును. నేల కదలి రాయి లేచినచో, ఆ ఒక్క రాతిని తీసి సరిచేసిన చాలును.

కళ్ళపు నీరు పొరుగువారి గోడకు గాని, వీధికి గాని పోక, పెరటి చెట్ల పాదులకు చేరునట్లు కాలువ తీయింపుడు. ఈ విషయమున గ్రామోద్యోగులు ముందే చూచిన తగాదాలు తప్పును. పంట రాకకు నెల దినముల ముందే పని ముగించుకొనుడు.