లేహ్‌కు సైకిల్ మీద ఏ దారిన వెళ్లాలి?

లడఖ్‌లోని లేహ్‌కు శ్రీనగర్ నుంచి ఒక దారి, మనాలి నుంచి ఒక దారి ఉన్నాయి. పటంలో దూరం కొలిస్తే చాలదు. రాత్రి ఎంత ఎత్తున పడుకుంటామో చూసుకోవాలి. 3,000 మీటర్లు దాటాక పడకచోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదంటారు వైద్యులు. మనాలి దారిలోని సర్చు సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ తలనొప్పి, వాంతులు పట్టుకుంటే కిందికి దిగాలన్నా ముందో వెనకో ఇంకా ఎత్తైన కనుమ ఎక్కాల్సిందే! శ్రీనగర్ దారిలో 3,528 మీటర్ల జోజిలా దాటాక కార్గిల్ 2,700 మీటర్ల దగ్గరే ఉంటుంది. ఒంటికి అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది. కొత్తవారికి ఇదే మేలని మేమంటాం.

ఇక ఖార్దుంగ్ లా. ‘లా’ అంటే కనుమ. లేహ్ ఎత్తు 3,500 మీటర్లు, కనుమ 5,359, నడుమ దారి సుమారు 39 కిలోమీటర్లు. తీసివేసి భాగించండి: కిలోమీటరుకు దాదాపు 48 మీటర్ల ఎక్కుడు. ఏటవాలు తలం పాఠం మనం చదివిందే కదా! వాలు మరీ ఎక్కువేం కాదు గానీ పైన గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానికి సగమే. గేర్లు లేని మన సైకిళ్లయితే చాలా దూరం నెట్టుకుంటూ పోవాల్సిందే. లేహ్‌లో కనీసం రెండు రాత్రులు ఆగి, తెల్లవారుజామున బయలుదేరాలి.