రాత్రి షిఫ్టు, మాత్ర, నిర్ణయం

రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి మొడాఫినిల్ వేసుకోవచ్చా అని అడిగే ఉద్యోగులకు నా జవాబు ఒకటే. డాక్టరు పరీక్షించి రాయకపోతే వద్దు. మెలకువగా ఉండటం, సరిగ్గా ఆలోచించడం ఒకటి కావు.

పట్టపగలే నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ జబ్బుకి ఈ మందును అమెరికా 1998లో అనుమతించింది. షిఫ్టుల వల్ల నిద్ర బాగా దెబ్బతిన్నవాళ్లకూ ఇస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వేసుకుంటే ఏమవుతుందో 2023లో మెల్‌బోర్న్, కేంబ్రిడ్జ్ పరిశోధకులు 40 మందితో చూశారు. బరువు మించకుండా, మొత్తం విలువ వీలైనంత ఎక్కువయ్యేలా సంచిలోకి వస్తువులను ఎంచడం వాళ్ల ముందున్న లెక్క. మొడాఫినిల్ గానీ మిథైల్‌ఫెనిడేట్ అనే మరో ఉత్తేజక మందు గానీ వేసుకున్న రోజు వాళ్లు ఎక్కువ శ్రమపడ్డారు, వస్తువులను ఎక్కువసార్లు అటూఇటూ మార్చారు. కానీ ఆ మార్పులు గురితప్పాయి. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్న రోజు బాగా చేసినవాళ్లే ఎక్కువ వెనకబడ్డారు!

నుదుటి వెనకున్న మెదడు భాగం ముందువెనకలు తూచి నిర్ణయిస్తుంది. ఈ మందులు పెంచే డోపమిన్, నార్‌అడ్రినలిన్ రసాయనాలు దానికి కూరలో ఉప్పులాంటివి. చాలకపోయినా, ఎక్కువైనా చేటే. నన్ను ఇంకా భయపెట్టేది వేరే ఉంది. నిద్రలేనివాళ్ల మీద 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో మొడాఫినిల్ వేసుకున్నవాళ్లు తమ పని మీద ఉండాల్సినదాని కన్నా ఎక్కువ నమ్మకం పెట్టుకున్నారు. పొరపాటు చేసేవాడికి అనుమానమే రాకపోతే మళ్లీ సరిచూసుకునేదెవరు?

అందుకే సర్వర్‌లో పెద్ద మార్పు, డబ్బు చెల్లింపు, ఉద్యోగానికి రాజీనామా లాంటివి తెల్లవారుజామున తేల్చకండి. తప్పనిసరైతే ఇంకొకరికి చూపించాకే బటన్ నొక్కండి. షిఫ్టుకి ముందు కాసేపు కునుకు తీయండి. కాఫీ షిఫ్టు మొదటి సగంలోనే ముగించండి, లేకపోతే పగటి నిద్ర కూడా పోతుంది. వరసగా వారాలపాటు నిద్ర చాలకపోతే షిఫ్టు మార్చమని మేనేజర్‌ని అడగండి. అడగడం చేతకానితనం కాదు.

డాక్టరు రాసే మాత్రే అయితే మీరు వాడే మందులన్నీ ఆయనకు చెప్పండి. మొడాఫినిల్ గర్భనిరోధక మాత్రల పనితనాన్ని తగ్గిస్తుంది, ఆపేశాక కూడా నెలరోజులు జాగ్రత్త పడాలి. ఒంటి మీద దద్దుర్లు లేస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అమెరికా నుంచి వచ్చిన మిత్రుడు ఆడెరాల్ అనే మాత్ర ఇస్తానంటే తీసుకోకండి. అందులో ఉండేది ఆంఫెటమిన్, మన దేశంలో చీటీ లేకుండా దగ్గర పెట్టుకుంటే మాదకద్రవ్యాల చట్టం కింద కేసు అవుతుంది.